తాగని మనిషి తూలుడు

పెంట్లవెల్లిలో నన్ను ఇప్పటికీ
నెత్తురు మేడం అనే అంటారు.
నాకు కప్పిన ఏ శాలువా
ఆ పేరంత బరువు తూగలేదు.

తొంభై ఎనిమిదిలో మొదటిసారి
కొల్లాపూర్ బస్సు దిగి, ఐస్‌డబ్బా చంకన పెట్టుకుని
తిర్పతయ్య గౌడు ఇల్లెక్కడ అని అడిగాను.
"తాగుబోతు తిర్పతయ్యనా?"
కిరాణాకొట్టు మనిషి నవ్వాడు.

కల్లు నోట పెట్టని మనిషి తిర్పతయ్య.
మోకు, ముస్తాదు, నడుముకు లొట్టి,
రోజుకు ముప్ఫై చెట్లు.
నలభయ్యో ఏట చెట్టు కాదు, నేల ఊగడం మొదలైంది.
మాట ముద్దయింది.
పక్కకు చూడాలంటే కన్ను కదలక
తలంతా తిప్పేవాడు.

భార్య కుర్మమ్మ అంది:
"మా మామ గిట్లనే తూలె. ఆయన అన్న గిట్లనే.
కాటమయ్య కోపమన్నరు. యాటల కోసినం."
ఎన్నమ్మా?
"మూడు."

నేను కోసింది ఈగల్ని, ఎలుకల్ని.
నా లెక్క చెప్పను.

సి, ఏ, జి. మూడే అక్షరాలు.
ఆ జన్యువులో మామూలుగా ఇరవై రెండుసార్లు వస్తాయి,
నత్తి ఉన్న పిల్లాడు ఒక మాట దగ్గర
ఆగి ఆగి, చివరికి దాటినట్టు.
తిర్పతయ్యలో ముప్ఫై ఎనిమిది.
ఆ పదహారింటి మిగులుకే
ప్రొటీన్ మడత తప్పి, ఉండలు కట్టి,
చిన్నమెదడులో ఒక్కో కణమే రాలిపోతుంది.
మైక్రోస్కోపులో ఆ కణాన్ని చూసినప్పుడు
చెట్టే అనుకున్నాను. అన్నీ కొమ్మలే.
తాడిచెట్టుకు ఒక్క కొమ్మా ఉండదు,
పట్టుకోవడానికి.

ఉండ విషమా, విషాన్ని దాచిపెట్టిన మూటా?
ఆరేళ్లు ఇదే పోట్లాట మా ల్యాబులో.
మూట అన్నాను. ఓడాను. మళ్లీ సగం గెలిచాను.
ఒక మే నెల రాత్రి కరెంటు పోయి, జనరేటర్ మొరాయిస్తే
మైనస్ ఎనభై ఫ్రీజర్ తలుపుకు
తెల్లారేదాకా వీపు ఆనించి కూర్చున్నాను,
ఒంటి వేడి తప్ప ఏమివ్వగలనో తెలియకుండానే.
ఈగల్లో పనిచేసిన మందు ఎలుకల్లో పనిచేయలేదు.
ఎలుకల్లో పనిచేసింది మనుషులదాకా రాలేదు.
నా బయోడేటా ఇంతే.
మిగతా పేజీలు తేదీలు.

రెండువేల ఎనిమిదిలో
వాళ్ల కొడుకు చెన్నకేశవులు చెట్టు మీంచి పడ్డాడు.
ముప్ఫై ఒకటి. తూలుడు ఇంకా
ఊరి కంట పడని నెల.
గీత కార్మికుడి సాయానికి అర్జీ పెడితే
'తాగి ఎక్కినాడు' అని రాసి తిప్పి పంపారు.
కుర్మమ్మ హైదరాబాద్ వచ్చి
మా గేటు దగ్గర నిలబడింది.
"నెత్తురు తీస్కపోయినవు గదా.
అండ్ల ఏమున్నదో రాసియ్యి."

రాశాను. తెలుగులో, ఒక పేజీ.
నలభై రెండుసార్లు అని,
కాళ్లు మాట వినకపోవడానికి కారణం ఇదీ, మద్యం కాదనీ.
జెల్ ఫొటో అతికించి, సంతకం కింద గుండ్రటి ముద్ర వేశాను.
పరిశోధన నమూనా మీద ధ్రువపత్రం ఇవ్వకూడదని
నాకు మెమో వచ్చింది.
వాళ్లకు పద్నాలుగు నెలలకు డబ్బు వచ్చింది.
ఆ కాగితం లామినేషన్ చేయించి
అతని ఫొటో పక్కన గోడకు కొట్టారు.
నేను రాసిన వాటిలో ఎక్కువమంది చదివింది అదే,
కిరాణాకొట్టు మనిషితో సహా.

రిటైర్మెంటుకు నెల ముందు మళ్లీ వెళ్లాను.
మనవరాలు నవనీత, పందొమ్మిదేళ్లు, చేయి చాపింది.
సూది తీశాక అంది:
"లెక్క మీరు చూస్కోండ్రి మేడం. నాకైతే చెప్పకుండ్రి."
ఎప్పటికీనా?
"డిగ్రీ పరీక్షలైనంక అడుగుత. ఏమో."

ట్యూబు మీద పేరు కాదు, నంబరే రాశాను.
ఆ పిల్ల బిందె ఎత్తుకుని వాకిలి దాటుతోంది.
చూడొద్దనుకుంటూనే మడమలు చూశాను.
నీళ్లు తొణకలేదు.
తొణకలేదనే రాసుకున్నాను,
పెన్సిల్‌తో.